ఉన్నంత తాడు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు చీలుస్తున్న నూకరత్నం. మోకాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ అరుగు మీద కాళ్ళు చాపుకున్న ఆమె అత్త అప్పలకొండమ్మ. అప్పుడే రేవు నుంచి వచ్చి నీళ్ళ డ్రమ్ము దగ్గర తల తడుపుకుంటున్న యర్రయ్య. చీల్చిన చేపలకు ఉప్పు పట్టిస్తున్న వాళ్ళమ్మాయి సుష్మ. పడవ మీద పనిచేసే చిరంజీవి రేవులోనే ఉండిపోయాడు, ఇంజను విప్పి తుడుస్తున్నాడు.

ఆ ఏడాది పడినన్ని సావళ్ళు అంతకుముందెప్పుడూ పడలేదు. వెండి బెల్టుల్లా పొడుగ్గా ఉండే చేపలవి. ఇసుకలో పరిస్తే చీమలు పడతాయి, దండెం మీద వేలాడదీస్తేనే గుల్లగా ఎండుతాయి. సుష్మ సగం వేలాడదీసేసరికి పాత దండెం పుటుక్కున తెగి, ఉప్పు పట్టించిన చేపలన్నీ ఇసుకలో పడ్డాయి.

"ఓలమ్మో, నా సేపలు!" అని నూకరత్నం కత్తిపీట మీంచి లేచింది.

"ఓరి యర్రిగా, ఆ పడవ తాడు పట్రారా" అంది అప్పలకొండమ్మ. "ఎండాకాలం సముద్రానికి తాడెందుకేటి? నిద్దరోతున్నదాన్ని కట్టెయ్యాలా?"

అది అక్కడ కొత్త సంగతేమీ కాదు. ఆ దీవిలో వండూరు దాటాక ఒడ్డు వెంబడి ఉన్న ఆ ఇళ్ళన్నిటిలోనూ వేసవి వస్తే పడవ తాళ్ళు ఊళ్ళోకి వచ్చేస్తాయి. ఒక ఇంట్లో ఊయలవుతాయి, ఒక ఇంట్లో పందిరికి కడతారు. వానగాలి మొదలయ్యే ముందు మళ్ళీ పడవలెక్కుతాయి. ఎవరి దండెం ఏ తాడో ఆ నెలల్లో ఎవరూ చూడరు. అయితే తీసేది మిగులు తాడు. యర్రయ్య పడవకు మిగులు తాడు లేదు.

ఇంజను పని కోసం పడవను ఆ పూట ఒడ్డుకు చేర్చి కట్టారు కాబట్టి లంగరు తాడు చుట్ట ఇసుకలోనే ఉంది. యర్రయ్య దాన్ని భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. బారలు కొలవలేదు, సగానికి మడిచాడు. మడతను సుష్మ చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నాడు. చేపల కత్తి జారుతుంటే నూకరత్నం కొడవలి అందించింది. తెగిన కొసలు పురివిప్పుకోకుండా అగ్గిపుల్ల గీసి కరిగించి, వేడి మీదే వేళ్ళతో నొక్కాడు. కాలిన నైలాను వాసన వాకిలంతా నిండింది. ఒక సగం కొబ్బరిచెట్టు నుంచి వంటింటి స్తంభానికి దండెం అయింది. రెండో సగాన్ని భుజాన వేసుకుని అతను మళ్ళీ రేవుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం చిరంజీవి అన్నానికొచ్చాడు. సముద్రం అవతల శ్రీకాకుళం ఒడ్డున పెళ్ళాన్నీ కూతురినీ వదిలి వచ్చిన మనిషి. మీసాలు నెరుస్తున్నాయి, మాట నెమ్మది. కాళ్ళు కడుక్కుంటూ దండెం వైపు చూశాడు. దగ్గరికెళ్ళి రెండు వేళ్ళతో తాడు నలిపి చూశాడు.

"అన్నా, లంగరు తాడు పొట్టిదైపోనాది" అన్నాడు.

"నెలాఖరుకి కొత్తది కొనేద్దాంలేరా. గాలి మొదలయ్యేదాకా ఆ సగం సాలు."

చిరంజీవి కంచం ముందు కూర్చున్నాడు. సుష్మ అతనికి పులుసు వడ్డించింది.

ఏప్రిల్ చివరికి ఆ సముద్రాన్ని చూస్తే అది ఎప్పటికైనా కదులుతుందని నమ్మబుద్ధి కాదు. ఆకాశం నీలంగా ఉండదు, తెల్లగా, గంజి వార్చినట్టు ఉంటుంది. పొద్దున్నే చెట్ల ఆకులు కూడా ఊపిరి బిగబట్టినట్టు నిలబడతాయి. సుష్మ చేపల ఉప్పు కడుక్కోవడానికి నీళ్ళలోకి దిగితే చీలమండల దగ్గర గోరువెచ్చగా తగిలేది. చల్లదనం కోసం చేపలు లోతుకు పోయాయని యర్రయ్య అనేవాడు. జెట్టీ నుంచి టూరిస్టుల పడవలు పగడాల దీవికి పోతుంటే వాటి వెనక గీసిన తెల్లటి గీత చాలాసేపు చెరగకుండా అలాగే ఉండేది.

తాడు కోసిన మర్నాడు ఫోనులో హెచ్చరిక వచ్చింది, హిందీలో. ఇంట్లో హిందీ అందరూ మాట్లాడతారు గానీ చదివేది సుష్మ ఒక్కతే. పదోతరగతి రాసి సెలవుల్లో ఉంది.

"నాన్నా" అంది మెల్లగా. "దక్షిణం నుంచి పెద్ద కెరటాలొస్తాయంట. పడవలు ఒడ్డుకి లాక్కోమన్నారు. లంగరేసినవాటిని దూరం దూరంగా ఉంచమన్నారు."

యర్రయ్య వేలు నాలుకకు రాసుకుని పైకెత్తి చూశాడు. "గాలేదే? గాలి లేకుండా కెరటం ఎక్కడినుంచి వస్తాదే? కొబ్బరిచెట్టు మీంచి రాలుతాదా?"

నూకరత్నం నవ్వింది. సుష్మ ఫోను పక్కన పెట్టేసింది. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పడం ఆమెకు చేతకాదు. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా మొదటిసారి పలికితే వినపడక, రెండోసారి పలకలేక, ఆ రోజు రానట్టే అయిపోయిన సందర్భాలున్నాయి.

ఆ మరుసటి రోజు బాంబూఫ్లాట్ ఊళ్ళో అప్పలరాముడి మనవరాలికి చెవులు కుట్టే వేడుక. అప్పలరాముడు వీళ్ళ ఒడ్డుకు పెద్ద. తగువైనా పెళ్ళయినా ఆయన మాటతోనే తెగుతుంది. అందుకని ఇంటికొకరు కాదు, ఇంటిల్లిపాదీ బయల్దేరారు. డింగీలనే చిన్న పడవలను ఇసుక మీదికి లాగేశారు. బరువు పడవలు రెండింటిని మాత్రం లంగరు మీద వదిలారు. ఒకటి అప్పలరాముడిది, రెండోది యర్రయ్యది. కాపలాకి చిరంజీవి ఉన్నాడు. చేపలకు కాకుల బెడద, నానమ్మకు మోకాళ్ళ నొప్పి కాబట్టి సుష్మ కూడా ఉండిపోయింది.

మధ్యాహ్నం ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు వచ్చింది అది.

మొదట చప్పుడు మారింది. ఒడ్డున నీళ్ళు రోజూ చేసే చిన్న చప్పుడు ఆగిపోయింది. సుష్మ చేపలు తిరగేస్తున్నదల్లా తలెత్తింది. నీళ్ళు వెనక్కి పోయాయి, రోజూ కనపడని రాళ్ళు కనపడ్డాయి. ఆ తర్వాత సముద్రం మొత్తం ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు లేచింది. నురగ లేదు, హోరు లేదు. కొబ్బరాకు ఒక్కటీ కదల్లేదు. పొడుగాటి వీపులాంటి కెరటం తొందరేమీ లేనట్టు వచ్చి, ఇసుక ఎక్కి, లాగి పెట్టిన డింగీల కింద దూరి వాటిని తేల్చింది.

"మామ్మా!" అని అరిచింది సుష్మ.

అప్పలకొండమ్మ కుంటుతూ వచ్చి దడి పట్టుకుంది. "గాలి ఏ దేశంలో ఈసిందో" అంది గొణుగుతున్నట్టు. "ఇలాటిది నా సిన్నప్పుడొకసారి సూసేను."

చిరంజీవి అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. ఈదుకుంటూ పోయి యర్రయ్య పడవ ఎక్కాడు. పక్కనే అప్పలరాముడి పడవ కెరటంతోపాటు ఎత్తుకు లేచి, వెనక్కి జరిగి, మళ్ళీ కుదురుగా కూర్చుంటోంది. దాని తాడు నీళ్ళలో వదులుగా వంకర తిరిగి కనిపిస్తోంది. యర్రయ్య పడవకు లేవడానికి తాడు చాలలేదు. వెనకభాగం లేస్తోంది, ముక్కు మాత్రం కింద ఎవరో పట్టుకున్నట్టు నీళ్ళలో కూరుకుపోతోంది. చిరంజీవి ఇంజను స్టార్టు చెయ్యడానికి దాని తాడు లాగుతున్నాడు, మళ్ళీ లాగుతున్నాడు. ఇంకో కెరటం వచ్చింది. పచ్చి కట్టె విరిగినట్టు ఒక చప్పుడయింది. పడవ ఒక్కసారి తేలికై, అడ్డం తిరిగి, రాళ్ళ వైపు జారిపోయింది.

చివరిదాకా అతను దిగలేదు. పడవ రాళ్ళ మీద రెండుసార్లు కొట్టుకుని అడుగు చీలాకే దూకాడు. ఒడ్డుకు వచ్చేసరికి పాదం అడుగున పగడపు రాయి కోసిన గాటు, ఇసుక మీద నెత్తురు. నానమ్మ తన చీర కొంగు చించి కట్టింది.

"ఇంజను తడిసిపోనాది పెద్దమ్మా" అన్నాడు చిరంజీవి.

సాయంత్రానికల్లా సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకుంది. వేడుక నుంచి తిరిగొచ్చినవాళ్ళంతా రాళ్ళ దగ్గర గుంపుగా నిలబడ్డారు. గాలి లేదు, మబ్బు లేదు, పక్క పడవ నిక్షేపంగా ఉంది. పగిలిన పడవ ముక్కుకు మూరెడు తాడు ముక్క, ముడితో సహా వేలాడుతోంది. మిగిలింది లంగరుతోపాటు నీటి అడుగున ఉండిపోయింది. "బిగించి కట్టేస్తే తెగదేటి మరి?" అన్నారెవరో. "తాడు వదలడం తెలీనోడికి పడవ అప్పజెప్తే ఇంతే" అన్నారు ఇంకొకరు. ఆ మాటలు వింటూనే యర్రయ్య ఇంటిదారి పట్టాడు.

ఇంటికొచ్చి అతను ఎవరితోనూ మాట్లాడకముందు చేసిన పని, దండెం విప్పడం. చేపలు తియ్యకుండానే ముడి విప్పాడు. ఎండిన సావళ్ళు గలగలా కింద పడ్డాయి. తాడు చుట్ట చుట్టి, అటక మీద పాత వలల కింద దోపాడు. దిగి వచ్చి తల్లి ముందు కూర్చుని ఆమె చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

"తాడు సంగతి బయటికి రాకూడదు. నా మీద ఒట్టు."

"ఒరే, ఆ మనిషి..."

"పడవలో సగం తిరుమలబావది. నేనే నరికేశానని తెలిస్తే ఆడింక నాతో పొత్తు ఉంచుతాడా? మళ్ళీ ఒకడి పడవ మీద కూలికెళ్ళమంటావా ఈ వయసులో? ఒట్టు పెట్టు."

అప్పలకొండమ్మ పెదవులు కదిలాయి. సముద్రం మీదికి పోయే కొడుకు నెత్తిన వేసిన ఒట్టు తప్పిన తల్లి ఆ ఒడ్డున ఇంతవరకూ లేదు. ఆమె వేళ్ళు అతని చెమట పట్టిన జుట్టులో కాసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత అతను పెళ్ళాం చెయ్యి అందుకున్నాడు. నూకరత్నం ఏడుస్తూనే పెట్టింది. తిరుమలరావు ఆమెకు స్వయానా అన్న.

"మరి ఆ పిల్ల?" అంది నూకరత్నం.

యర్రయ్య గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురి వైపు చూశాడు. "దానికెందుకు? దాని నోట్లోంచి మాట ఊడిపడాలంటే దేవుడు దిగి రావాలి" అని లేచిపోయాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర సుష్మ బిందె పెట్టేసరికి ఆడవాళ్ళ మాటల్లో అప్పుడే కొత్త పేరు వినిపించింది. చిరంజీవి కాస్తా 'తాడు తెంపినోడు' అయ్యాడు. అలాంటి పేరు వెనకటికి ఒకడికి పడింది. ఆ తర్వాత ఏ రేవులోనూ వాణ్ణి పడవ ఎక్కనివ్వలేదు. గరాచర్మలో ఇళ్ళు కట్టేచోట ఇటుకలు మోసి, చివరికి ఓడెక్కి వెళ్ళిపోయాడు.

"సాయంత్రం తిరుమలరావు వస్తన్నాడంట. పెద్దాయన కూడా కూసుంటాడంట" అంది ఒకామె. "రేపీపాటికి బస్సెక్కించేస్తారు."

"పాపం, పిల్ల ఉందంట గదా ఊళ్ళో?"

"ఉంటే? మన పడవలు ముంచేస్తాడేటి?"

సుష్మ బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. "అరే దీదీ, పానీ!" అని వెనక పిల్ల అరిస్తే గానీ కుళాయి కట్టలేదు.

ఇంటికొచ్చేసరికి చిరంజీవి అరుగు మీద కాలు చాపి కూర్చున్నాడు. నానమ్మ పసుపూ నూనే కలిపి గాటుకు పట్టిస్తోంది. పగడం ముక్క ఇంకా లోపల ఉందేమోనని పాదాన్ని వెలుతురుకు తిప్పి, కళ్ళు చిట్లించి చూస్తోంది. నొప్పికి అతని కాలివేళ్ళు ముడుచుకుంటున్నాయి.

సుష్మ బిందె దించి, స్తంభం చాటున నిలబడి అడిగింది. "బాబాయ్, నువ్వు చెప్పొచ్చు కదా?"

"ఏటి సెప్పాలమ్మా?"

ఆమె చూపు కొబ్బరిచెట్టుకు తాడు ఒరుసుకున్న గీత దాకా వెళ్ళి వచ్చింది. చిరంజీవి ఆ చూపు గమనించాడు.

"మీ నాన్న సెప్తాడ్లే" అన్నాడు. "మనసు కుదుటపడాల గదా. పెద్ద దెబ్బ గదా అతనికీ. సెప్తాడు."

"చెప్పకపోతే?"

"ఈ ఇంట్లో నాకు కంచం పెట్టినోడు. నాను అతని మీద సెప్తే బాగుంటాదేటి? సెప్పినా ఎవుడు నమ్ముతాడు, ఇంకెక్కడినుంచో వచ్చినోడి మాట?"

అప్పలకొండమ్మ చెయ్యి ఆగింది. గాటుకు గుడ్డ చుట్టింది. అతను కుంటుకుంటూ రేవు వైపు వెళ్ళాక, సుష్మ ఆమె పక్కన కూర్చుంది.

"మామ్మా, నువ్వు చెప్పు. నువ్వు చెప్తే అందరూ వింటారు."

"ఆడి నెత్తి మీద సెయ్యేసేను."

"మరి అమ్మ?"

"దాని సెయ్యీ ఎయ్యించేడు గదా. సూసేవు గదా." ముసలామె చేతికంటిన పసుపును చీర అంచుకు తుడుచుకుంది. "తాడు తెమ్మన్నది నానే" అంది చివరికి, ఎవరితో చెబుతోందో తెలియనట్టు. మధ్యాహ్నం సుష్మ కంచం పెడితే ముద్ద కలిపి వదిలేసింది.

తిరుమలరావు గరాచర్మ నుంచి సాయంత్రం బస్సుకు వచ్చాడు. డాక్‌యార్డులో ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, చేతిలో పనిలో పెట్టుకునే హెల్మెట్. ముందు తిన్నగా రాళ్ళ దగ్గరికే వెళ్ళి పడవ చుట్టూ తిరిగాడు. చీలిన అడుగులో చెయ్యి పెట్టి చూశాడు. ఇంటికొచ్చి కుర్చీ మీద కూర్చున్నాక కూడా ఆ చేతికంటిన బురద తుడుచుకోలేదు. అప్పలరాముడు నులకమంచం మీద కూర్చున్నాడు. దడి అవతల పది మంది దాకా నిలబడ్డారు. చిరంజీవి కొబ్బరిచెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నాడు, కట్టు కట్టిన కాలు ముందుకు చాపి.

"ఇప్పుడు నువ్వే బతావో భయ్యా, చెప్పు" అన్నాడు తిరుమలరావు. "హవా నహీ, తుఫాన్ నహీ. పెద్దాయన పడవ ఠీక్ ఠాక్ ఉంది. మా పడవ ఒక్కటే ఎందుకు పోయింది?"

చిరంజీవి నేల చూశాడు.

"కట్టింది ఎవరు?"

"నానే కట్టేను."

"పొడుగ్గా వదలమని చెప్పేను బావా" అన్నాడు యర్రయ్య. "చెప్పేను ఆడికి."

లోపల సుష్మ టీ గ్లాసులు పళ్ళెంలో సర్దుతోంది. ఆ మాట వినగానే నూకరత్నం స్టవ్వు దగ్గర మొహం పక్కకు తిప్పుకుంది. గుమ్మానికి ఇవతల పీట మీద కూర్చున్న నానమ్మ మాత్రం కదల్లేదు. "టీ ఇచ్చి రా" అని తల్లి పళ్ళెం చేతికిచ్చింది.

సుష్మ బయటికి వచ్చింది. పెద్దాయనకు ముందు ఇచ్చింది, తర్వాత మావయ్యకు.

"ఏరా, నీ మాటేటి?" అన్నాడు అప్పలరాముడు చిరంజీవితో. "ఊరకే పంపించేస్తే నీకూ అన్యాయం. వదల్లేదా తాడు?"

చిరంజీవి తలెత్తి యర్రయ్యను చూశాడు. పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్న మనిషి చూపు అది. యర్రయ్య టీ గ్లాసు అందుకుని అందులోకి చూస్తున్నాడు.

"వదిలేను" అన్నాడు చిరంజీవి. "ఉన్నంత వదిలేను."

"ఉన్నంత అంటే?"

అతను మళ్ళీ తల దించుకున్నాడు. "ఏం లేదు పెద్దయ్యా. నాదే పొరపాటు. పొద్దున్న బస్సుకి ఎలిపోతాను."

దడి అవతల ఎవరో నిట్టూర్చారు. "సరే మరి, వాడే ఒప్పుకున్నాడు" అని తిరుమలరావు లేవబోయాడు. పళ్ళెంలో ఒక్క గ్లాసే మిగిలింది, చిరంజీవిది. సుష్మ అతని దగ్గరికి వెళ్ళి వంగింది. గ్లాసు అందుకోబోయిన అతని అరచేతుల్లో, ఇంజను తాడు లాగిన చోట, చర్మం ఊడి ఎర్రగా ఉంది.

"నాన్నా" అంది సుష్మ.

అది చాలా చిన్న గొంతు. అయినా పక్కనే ఉన్న అప్పలరాముడికి వినపడింది. "ఏటమ్మా?" అన్నాడాయన.

"తాడు..."

"లోపలికి పో" అన్నాడు యర్రయ్య. "పెద్దోళ్ళు మాటాడతన్నారు. లోపలికి పో."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు సుష్మ కాళ్ళు వాటంతటవే ఇంటివైపు తిరిగాయి. ఒకసారి చెప్పింది, ఇంక చెప్పక్కర్లేదు. ఖాళీ పళ్ళెం గుండెలకు ఆనించుకుని గబగబా నడిచింది. లోపల చీకటిగా, చల్లగా ఉంటుంది. తలుపు వెనక నిలబడితే ఎవరికీ కనపడదు.

గుమ్మంలో అప్పలకొండమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, తలుపు పట్టుకుని, నొప్పి మోకాళ్ళ మీద. ఆ ఇంట్లో ఏ ఒట్టూ వెయ్యని ఒక్క మనవరాలి మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాయి. సుష్మ మెట్టు మీద కాలు పెట్టింది.

నానమ్మ తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగి మూసేసింది. సుష్మ వాకిట్లో ఉండగానే లోపల గడియ పడింది.